మీ ఊళ్ళో మధ్యాహ్నం ఎన్ని గంటలకు?

మీ బడి ఆవరణలో జెండా కర్ర ఉంటుంది కదూ? ఎండగా ఉన్న రోజు దాని నీడను ఎప్పుడైనా గమనించారా? పొద్దున బడికి వచ్చేటప్పటికి ఆ నీడ పడమటి వైపు బారెడు సాగి ఉంటుంది. పొద్దెక్కినకొద్దీ పొట్టి అవుతుంది. సాయంత్రం ఇంటికి వెళ్ళేవేళకు తూర్పు వైపు మళ్ళీ సాగుతుంది. ఈ మధ్యలో ఎప్పుడో ఒక క్షణాన నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉంటుంది. ఆ క్షణమే అసలైన మధ్యాహ్నం.

ఆ క్షణంలో గడియారం ఎంత చూపిస్తుంది? "అదేం ప్రశ్న, పన్నెండు!" అంటారేమో. తొందరపడకండి.

ఏప్రిల్ 15వ తేదీన శ్రీకాకుళంలో ఒక విద్యార్థి, అనంతపురంలో ఒక విద్యార్థి తమ తమ బడుల్లో జెండా కర్రల పక్కన నిలబడ్డారనుకోండి. ఇద్దరి చేతి గడియారాలూ సెకను తేడా లేకుండా నడుస్తున్నాయి. శ్రీకాకుళంలో నీడ 11 గంటల 54 నిమిషాలకే అన్నిటికన్నా పొట్టిదైపోయి, పన్నెండు కొట్టే సరికి తూర్పుకు మొగ్గి ఉంటుంది. అనంతపురంలో మాత్రం పన్నెండు కొట్టినా నీడ ఇంకా పొట్టి అవుతూనే ఉంటుంది. అక్కడ అసలైన మధ్యాహ్నం రావాలంటే మరో 20 నిమిషాలు ఆగాలి!

ఎవరి గడియారం తప్పు? ఎవరిదీ కాదు. సూర్యుడు తప్పాడా? అదీ కాదు. మరి ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? దీనితో మనకేం పని? ఆ సంగతే ఇప్పుడు చూద్దాం. చివరికి ఒక కర్ర, ఒక గడియారం పట్టుకుని భూగోళం మీద మీరు ఎక్కడున్నారో మీరే కనుక్కుంటారు.

డిగ్రీకి నాలుగు నిమిషాలు

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాం. మధ్యాహ్నం అంటే సూర్యుడు నడినెత్తిన ఉండే వేళ అని చాలామంది అనుకుంటారు. హైదరాబాదులో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏడాదికి రెండు రోజులే. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో. మిగిలిన రోజుల్లో కొంచెం దక్షిణానికో, ఉత్తరానికో వాలి ఉంటాడు. కాబట్టి మధ్యాహ్నం అంటే సూర్యుడు ఆ రోజుకు ఎక్కగలిగినంత ఎత్తు ఎక్కిన వేళ అనుకోవాలి.

భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతూ ఉంటుంది. అందువల్ల సూర్యుడు మొదట తూర్పు ఊళ్ళకు కనిపిస్తాడు, తర్వాత పడమటి ఊళ్ళకు. పూర్తి చుట్టు 360 డిగ్రీలు. దానికి 24 గంటలు. అంటే గంటకు 15 డిగ్రీలు. ఒక డిగ్రీకి 4 నిమిషాలు. ఈ ఒక్క లెక్క గుర్తుంచుకుంటే చాలు, ఈ వ్యాసమంతా మీ గుప్పిట్లో ఉన్నట్టే.

భూగోళం మీద ఉత్తర ధ్రువం నుంచి దక్షిణ ధ్రువం దాకా గీసిన గీతలే రేఖాంశాలు. హైదరాబాదు 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. విశాఖపట్నం 83.3 డిగ్రీల మీద ఉంది. తేడా 4.8 డిగ్రీలు. దాన్ని నాలుగుతో హెచ్చవేస్తే 19 నిమిషాలు. మీరు సాయంత్రం హైదరాబాదులో రైలెక్కి తెల్లవారి విశాఖలో దిగితే, మీకు తెలియకుండానే మధ్యాహ్నాన్ని 19 నిమిషాలు ముందుకు తెచ్చుకున్నారన్నమాట! కాని చేతి గడియారాన్ని తిప్పుకోవలసిన అవసరం రాలేదు. ఎందుకు రాలేదు?

ఊరికో కాలం

పూర్వం ఈ చిక్కే లేదు. ఏ ఊరి సూర్యుడు ఆ ఊరిదే. రోజును 60 ఘడియలుగా పంచి, సూర్యోదయం నుంచి లెక్కపెట్టేవారు. ఘడియ అంటే 24 నిమిషాలు. పక్క ఊళ్ళో రెండు నిమిషాల ముందు తెల్లవారితే ఎవరికి నష్టం? ఎడ్లబండి మీద ప్రయాణం చేసేవాడికి ఆ రెండు నిమిషాలతో పనిలేదు.

అయితే మన జ్యోతిష్కులకు ఈ తేడా బాగా తెలుసు. వారు ఉజ్జయిని మీదుగా పోయే రేఖను మూలంగా పెట్టుకుని, దానికి తూర్పున ఉన్న ఊళ్ళకు ఇంత, పడమట ఉన్న ఊళ్ళకు ఇంత అని లెక్క సవరించుకునేవారు. ఆ సవరణకు దేశాంతర సంస్కారం అని పేరు.

చిక్కు తెచ్చింది రైలు. మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణాకు నడిచింది. కొన్నేళ్ళలోనే పట్టాలు దేశమంతా అల్లుకున్నాయి. బొంబాయి గడియారానికీ కలకత్తా గడియారానికీ గంటకు పైగా తేడా. దారిలో ప్రతి ఊరికీ దాని సొంత కాలం. ఇక రైళ్ళ వేళల పట్టిక వేయడం ఎలా? ఒకే పట్టాల మీద ఎదురెదురుగా రెండు రైళ్ళు రావలసి ఉంటే, ఏది ఏ స్టేషనులో ఎన్ని గంటల దాకా ఆగాలో ఎవరి గడియారం ప్రకారం చెప్పాలి? ఎడ్లబండికి లెక్కలేని రెండు నిమిషాలు రైలుకు ప్రాణాల మీది మాట.

ఈ చిక్కును విడదీసింది మద్రాసు. అక్కడి నుంగంబాకంలో 1792లో ఒక ఖగోళ పరిశోధనశాల కట్టారు. అందులో పరికరాన్ని నిలబెట్టిన రాతి స్తంభం మీద శాసనాన్ని లాటిన్, తమిళ భాషలతోపాటు తెలుగులోనూ చెక్కించారు. నక్షత్రాలను చూసి అక్కడ ఖచ్చితమైన కాలం లెక్కకట్టేవారు. పైగా మద్రాసు కాలం బొంబాయి కాలానికి అరగంట ముందు, కలకత్తా కాలానికి అరగంట పైచిలుకు వెనక. ఇంచుమించు నట్టనడుమ! అందుకని 1870ల నుంచి రైళ్ళు మద్రాసు కాలం ప్రకారం నడవసాగాయి. ఊరి గడియారం ఒకటి, స్టేషను గడియారం మరొకటి!

అన్నవరం, తునిల మధ్య గీత

చివరకు 1906 జనవరి 1న దేశమంతటికీ ఒకే కాలం వచ్చింది. 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది కాలమే దేశానికంతటికీ కాలమని నిర్ణయించారు. ఇంగ్లండులోని గ్రీన్విచ్ కాలానికి ఇది సరిగ్గా అయిదున్నర గంటలు ముందు. ఆ అరగంట ఎలా వచ్చిందో లెక్క కట్టండి: 82.5ను 4తో హెచ్చవేస్తే 330 నిమిషాలు. అంటే అయిదున్నర గంటలు.

ఈ రేఖ ఉత్తరాన మీర్జాపూర్ దగ్గరగా వచ్చి, మన కోస్తాలో కాకినాడకు కాస్త తూర్పుగా సముద్రంలో దిగుతుంది. ఈసారి విశాఖ వెళ్ళే రైల్లో అన్నవరం దాటాక కిటికీ పక్కన కూర్చోండి. తుని రాకముందే మీరు ఆ రేఖను దాటుతారు. అక్కడ గీతా ఉండదు, గుర్తూ ఉండదు. కాని కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా ప్రతి గోడ గడియారమూ ఆ చోటి కాలాన్నే చెబుతోంది!

అందరూ దీన్ని వెంటనే ఒప్పుకోలేదు. మద్రాసులో గడియారాలను దాదాపు 9 నిమిషాలు ముందుకు తిప్పితే సరిపోయింది. బొంబాయిలో 39 నిమిషాలు తిప్పవలసి వచ్చింది. రోజూ పనికి వెళ్ళే మిల్లు కార్మికుడికి అంటే దాదాపు ముప్పావు గంట ముందు నిద్రలేవడమే కదా! వారు గట్టిగా అభ్యంతరం చెప్పారు. కలకత్తాలో సొంత కాలం 1948 దాకా, బొంబాయిలో 1955 దాకా వాడుకలో ఉండిపోయింది. గడియారం ముల్లు ఎక్కడుండాలన్నది ఆకాశంలో తేలే విషయం కాదు. మనుషులు కూర్చుని చేసుకున్న ఒప్పందం.

ఒప్పందం కనుకనే ఒక్కో దేశంలో ఒక్కో తీరు. మన పొరుగున నేపాల్ 1986లో తన గడియారాన్ని మనకన్నా పావుగంట ముందుకు జరుపుకుంది. తూర్పు పడమరలుగా మనకన్నా ఎంతో విశాలమైన చైనా మొత్తానికి ఒకే కాలం పెట్టుకుంది. దానివల్ల దాని పడమటి కొసన ఉన్న కాష్గర్ పట్టణంలో గడియారం మూడు గంటలకు దగ్గరపడితేగాని అసలైన మధ్యాహ్నం రాదు!

మన దేశంలోనూ చిక్కు లేకపోలేదు. అరుణాచల్ ప్రదేశ్‌లోని డోంగ్ గ్రామంలో మధ్యాహ్నం దాదాపు 11 గంటలకే అవుతుంది. గుజరాత్‌లోని ద్వారకలో 12 గంటల 54 నిమిషాలకు. ఈశాన్యంలో చలికాలపు సాయంత్రం నాలుగున్నరకే చీకటి ముసురుకుంటుంది. అందుకే అస్సాం తేయాకు తోటల్లో గడియారాన్ని గంట ముందుకు పెట్టుకునే అలవాటు ఎప్పటి నుంచో ఉంది. దాన్ని 'బగాన్ కాలం' అంటారు. బగాన్ అంటే తోట.

తేడాయే దారి చూపింది

ఇంతసేపూ ఈ తేడా ఒక చిక్కు అన్నట్టు మాట్లాడుకున్నాం. కాని దాన్ని తిరగేసి చూడండి. సూర్యుడి మధ్యాహ్నానికీ గడియారపు పన్నెండుకూ మధ్య తేడా తెలిస్తే, మనం తూర్పుగా ఎంత దూరం ఉన్నామో, పడమటగా ఎంత దూరం ఉన్నామో తెలిసిపోదూ?

సముద్రం మీద ఈ లెక్క తెలియక ఎన్నో ఓడలు మునిగాయి. 1707 అక్టోబరులో ఇంగ్లండు నౌకాదళానికి చెందిన నాలుగు ఓడలు తామెక్కడున్నామో తెలియక సిల్లీ దీవుల రాళ్ళకు కొట్టుకున్నాయి. ఒక్క రాత్రిలో వెయ్యికి పైగా నావికులు చనిపోయారు. ఆ తర్వాత 1714లో, సముద్రం మీద రేఖాంశం కనుక్కునే ఉపాయం చెప్పినవారికి 20 వేల పౌన్ల దాకా బహుమతి ఇస్తామని అక్కడి పార్లమెంటు ప్రకటించింది.

ఉపాయం తెలియనిది కాదు. బయలుదేరిన రేవు కాలాన్ని చెప్పే గడియారం ఓడలో ఉంటే చాలు. సూర్యుణ్ణి చూసి ఓడ ఉన్నచోట మధ్యాహ్నం ఎప్పుడైందో కనుక్కుని, గడియారంతో పోల్చి, తేడాను నాలుగుతో భాగించడమే. కాని ఆ రోజుల్లో ఊగే ఓడలో లోలకపు గడియారం నిలకడగా నడిచేది కాదు. భూమధ్యరేఖ దగ్గర గడియారం ఒక్క నిమిషం తప్పితే ఓడ 28 కిలోమీటర్లు తప్పినట్టే!

జాన్ హారిసన్ అనే వడ్రంగి కొడుకు జీవితమంతా ఈ పని మీదే ఖర్చుచేశాడు. 1759లో ఆయన నాలుగో గడియారం పూర్తయింది. చూడటానికి పెద్ద జేబు గడియారంలా ఉంటుంది. 1761లో దాన్ని ఓడ మీద జమైకాకు పంపి పరీక్షించారు. 81 రోజుల తర్వాత చూస్తే దాని తప్పు సుమారు అయిదు సెకన్లు!

సూర్యుడూ వేళ తప్పుతాడు

ఇప్పుడు ఈ పనిని మనమూ చేద్దాం. కాని ముందొక చిన్న అడ్డంకి ఉంది. గడియారం ప్రతి రోజునూ సరిగ్గా 24 గంటలుగా లెక్కిస్తుంది. సూర్యుడు అలా కాదు. ఒక మధ్యాహ్నం నుంచి మరుసటి మధ్యాహ్నానికి డిసెంబరు చివర 24 గంటల మీద అర నిమిషం ఎక్కువ పడుతుంది. సెప్టెంబరు నడుమ 20 సెకన్లు తక్కువ పడుతుంది.

ఎందుకంటారా? భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి 23 గంటల 56 నిమిషాలు చాలు. కాని ఈలోగా సూర్యుడి చుట్టూ కొంత దూరం జరిగిపోతుంది కదా! మళ్ళీ సూర్యుడికి ఎదురుగా రావడానికి ఇంకో నాలుగు నిమిషాలు తిరగాలి. భూమి కక్ష్య సరైన వృత్తం కాదు. జనవరి మొదట్లో భూమి సూర్యుడికి దగ్గరగా ఉండి వేగంగా సాగుతుంది. జులై మొదట్లో దూరంగా ఉండి మెల్లగా సాగుతుంది. దానికితోడు భూమి ఇరుసు 23.4 డిగ్రీలు వాలి ఉంది. ఈ రెండు కారణాల వల్ల ఆ అదనపు నాలుగు నిమిషాలు ఒకసారి పెరుగుతాయి, ఒకసారి తరుగుతాయి. రోజుకు కొన్ని సెకన్లే అయినా, చుక్క చుక్క చేరి కుండ నిండినట్టు, వారాలు గడిచేసరికి నిమిషాలవుతాయి.

దీనివల్లే ఒక వింత జరుగుతుంది. అన్నిటికన్నా చిన్న పగలు డిసెంబరు 21, 22 తేదీల్లో. అయినా మన ప్రాంతంలో అన్నిటికన్నా ఆలస్యంగా తెల్లవారేది అప్పుడు కాదు. సంక్రాంతి వెళ్ళిన వారం రోజులకు! అన్నిటికన్నా తొందరగా పొద్దుగూకేది నవంబరు మూడు, నాలుగు వారాల్లో.

ఈ కింది సవరణలు మీ నోటు పుస్తకంలో రాసుకోండి. సగటు వేళకన్నా మధ్యాహ్నం ఎంత ముందు వస్తుందో, ఎంత ఆలస్యమవుతుందో ఇవి చెబుతాయి.

జనవరి 1: 3 నిమిషాలు ఆలస్యం
ఫిబ్రవరి 11: 14 నిమిషాలు ఆలస్యం
మార్చి 15: 9 నిమిషాలు ఆలస్యం
ఏప్రిల్ 15: తేడా లేదు
మే 14: 4 నిమిషాలు ముందు
జూన్ 13: తేడా లేదు
జులై 26: 6 నిమిషాల 30 సెకన్లు ఆలస్యం
సెప్టెంబరు 1: తేడా లేదు
అక్టోబరు 15: 14 నిమిషాలు ముందు
నవంబరు 3: 16 నిమిషాలు ముందు
డిసెంబరు 25: తేడా లేదు

హైదరాబాదు మన రేఖకు 4 డిగ్రీలు పడమట ఉంది కనుక అక్కడి సగటు మధ్యాహ్నం 12 గంటల 16 నిమిషాలకు. ఫిబ్రవరి 11న అది 12.30కి జరుగుతుంది. నవంబరు 3న మాత్రం 16లో 16 పోయి, సరిగ్గా పన్నెండు! ఆ నాలుగు రోజులూ హైదరాబాదులో సూర్యుడూ గడియారమూ ఒకే మాట మీద ఉంటాయి.

ఇక మీ వంతు

నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్న క్షణాన్ని కంటితో పట్టుకోవడం కష్టం. ఆ వేళప్పుడు నీడ మార్పు చాలా నెమ్మది. దానికి మన పెద్దలు ఒక తెలివైన ఉపాయం కనిపెట్టారు. సూర్య సిద్ధాంతంలో శంకువు, వృత్తం అని వర్ణించింది దాన్నే. శంకువు అంటే నిటారుగా నిలబెట్టిన కర్ర.

1. ఎండ పడే చదును నేల మీద మీటరు పొడవున్న సన్నని కర్రను నిలబెట్టండి. దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీసి, కర్ర నిట్టనిలువుగా ఉందో లేదో చూసుకోండి.

2. ఉదయం పదిన్నర ప్రాంతంలో నీడ కొస దగ్గర గుర్తు పెట్టి, ఎన్ని గంటలైందో రాసుకోండి. గడియారాన్ని ముందే రేడియోతోనో ఫోనుతోనో సరిచూసుకోవాలి.

3. కర్ర మొదలు కేంద్రంగా, ఆ గుర్తు మీదుగా తాడుతో ఒక వృత్తం గీయండి.

4. నీడ పొట్టిదవుతూ వృత్తం లోపలికి పోతుంది. మధ్యాహ్నం తర్వాత మళ్ళీ సాగి, రెండో వైపున వృత్తాన్ని తాకుతుంది. ఆ వేళను రాసుకోండి.

5. రెండు వేళలకూ నడుమ ఉన్నదే మీ ఊరి మధ్యాహ్నం. చూడవలసింది నీడను మాత్రమే. సూర్యుడి వైపు నేరుగా చూడకండి.

ఉదాహరణకు, ఏప్రిల్ 15న 10.40కి ఒకసారి, 2 గంటలకు ఒకసారి నీడ వృత్తాన్ని తాకిందనుకోండి. నడిమి వేళ 12.20. ఆ రోజు సవరణ లేదు. 20 నిమిషాలను నాలుగుతో భాగిస్తే 5 డిగ్రీలు. మధ్యాహ్నం ఆలస్యంగా వచ్చింది కనుక మీరు పడమట ఉన్నారు. 82.5లో 5 తీసేస్తే 77.5. పటం తీసి చూడండి, అనంతపురం దరిదాపుల్లో ఉన్నారు!

మరొకటి. ఫిబ్రవరి 11న నడిమి వేళ 12.26 వచ్చింది. ఆనాటి ఆలస్యం 14 నిమిషాలు తీసేస్తే 12.12. దాన్నిబట్టి మీరు 3 డిగ్రీలు పడమట, అంటే 79.5 మీద ఉన్నారు. వరంగల్లా, తిరుపతా? రెండూ ఇంచుమించు ఆ రేఖ మీదే ఉన్నాయి మరి! దాన్ని తేల్చడానికి మార్చి 21న పొట్టి నీడ పొడవును కొలవండి. మీటరు కర్రకు నీడ 32 సెంటీమీటర్లు వస్తే వరంగల్లు, 24 వస్తే తిరుపతి. ఉత్తరానికి పోయినకొద్దీ ఆ నీడ పెరుగుతుంది.

మీ లెక్క పావు డిగ్రీ, అర డిగ్రీ అటూ ఇటూ అయితే నిరుత్సాహపడకండి. వేళ ఒక్క నిమిషం తప్పినా మన ప్రాంతంలో చోటు 27 కిలోమీటర్లు జరిగిపోతుంది. అందుకే కాలాన్ని కొలిచేవారికి అంత పట్టింపు! నేడు మన దేశపు కాలాన్ని న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల పరమాణు గడియారాలతో కాపాడుతోంది. 1967 నుంచి సెకను అంటే సీజియం పరమాణువు నుంచి వెలువడే తరంగపు 919,26,31,770 కంపనాలకు పట్టే కాలం. మీ ఇంట్లో ఫోను దారి చూపించేదీ గడియారంతోనే. ఆకాశంలోని ఉపగ్రహాలు పంపే సంకేతం ఎంతసేపటికి అందిందో చూసి అది దూరాన్ని లెక్కగడుతుంది. అక్కడ సెకనులో పదిలక్షల వంతు తప్పినా దూరంలో 300 మీటర్ల తేడా వస్తుంది.

హారిసన్ గడియారమూ, ఉపగ్రహమూ, మీ బడిలోని జెండా కర్రా చెప్పేది ఒకే పాఠం: వేళ తెలిస్తే చోటు తెలుస్తుంది. ఈ ఆదివారం ఎండ బాగుంటే కర్ర పాతి చూడండి. వేరే జిల్లాలో ఉన్న మీ స్నేహితుణ్ణో, బంధువునో అదే రోజు అదే పని చేయమనండి. మీ ఇద్దరి మధ్యాహ్నాలకూ నడుమ ఎన్ని నిమిషాలు వచ్చాయో చూసుకోండి. భూమి తిరుగుతోందని పుస్తకంలో చదవడం వేరు, అది మీ రెండు ఊళ్ళ మధ్య తిరిగిన ఆ కాస్త మేరను మీరే కొలవడం వేరు!